సైగ చదవడం తప్పు కాదు, దానికోసం మనుషుల్ని పంపడం తప్పు

2023 అక్టోబరులో అమెరికా స్పోర్ట్స్ పేజీల్లో ఒక వార్త వచ్చింది. బిగ్ టెన్ లీగ్‌లోని ఒక యూనివర్సిటీ తన స్టేడియం సీసీ కెమెరా ఫుటేజీ వెనక్కి తిప్పి, వేల సీట్లలో ఒక్క సీటునే చూసుకుంది. ఆ టికెట్ కొన్నది మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌లో పనిచేసే కానర్ స్టాలియన్స్ అనే చిన్న ఉద్యోగి. కూర్చున్నది ఇంకెవరో. మ్యాచ్ పొడవునా ఆ మనిషి చేతిలో ఫోన్ పైకెత్తే ఉంది. ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళ ఫోన్ బంతి వెంట తిరుగుతుంది. ఇది మాత్రం బంతి ఎటు పోయినా ఆ స్టేడియం టీమ్ కోచ్‌లు నిలబడే సైడ్‌లైన్‌ని వదల్లేదు.

ఆ ఫోన్‌కి కావలసింది సైగలు. కోచ్‌లు మైదానంలో ఉన్న ఆటగాళ్ళకి చేతులతో పంపే సైగలు.

నేను ఉండేది మిషిగన్‌లోనే, డెట్రాయిట్‌కి పడమటి శివార్లలో. కాంటన్, నోవై వైపు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో మిషిగన్ యూనివర్సిటీ ఉన్న ఆన్ ఆర్బర్‌లో చదివిన పిల్లలో, అక్కడ సీటు రావాలని కలలు కంటున్న పిల్లలో ఉంటూనే ఉంటారు. కాబట్టి ఈ గొడవ ఇక్కడ పాతబడలేదు. పుట్టినరోజు పార్టీలో బిర్యానీ ప్లేటు పట్టుకుని నిలబడితే చాలు, ఎవరో ఒకరు కదిలిస్తారు. మిషిగన్ వాళ్ళది ఒకటే మాట: అందరూ చేసేదే. ఒహాయో నుంచి వచ్చిన చుట్టాలది ఇంకోటి: ఆ సీజన్‌లో మిషిగన్ గెలిచిన జాతీయ కప్పు దొంగసొత్తు. రెండూ నాకు ఒప్పవు. సైగలు చదవడాన్ని నేను తప్పు అనను, నిజానికి ఈ ఆటలో నాకు బాగా నచ్చే విద్యల్లో అదొకటి. మిషిగన్ చేసింది మాత్రం ఆ విద్య కాదు. దాన్ని శిక్షించిన పద్ధతి చూస్తే శిక్షించినవాళ్ళకి కూడా తప్పు ఎక్కడుందో సరిగ్గా తెలీదేమో అనిపిస్తుంది.

అమెరికన్ ఫుట్‌బాల్ అలవాటు లేనివాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్పాలి. ఈ ఆట ఆగి ఆగి సాగుతుంది. ఒక్కో విడతని ప్లే అంటారు. అది ఐదారు సెకన్లలో అయిపోతుంది. తరవాతి ప్లే మొదలుపెట్టడానికి 40 సెకన్ల గడువు. ఆ కాసేపట్లో కోచ్ తన దగ్గరున్న వందల ప్లేల్లోంచి ఒకటి ఎంచుకోవాలి, అది మైదానంలో ఉన్న పదకొండుమందికీ చేరాలి, వాళ్ళు ఎవరి చోట్లో వాళ్ళు నిలబడాలి. ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ స్టేడియంలో 1,07,601 సీట్లు. అంతమంది అరుస్తుంటే పక్కవాడి మాటే వినపడదు, యాభై గజాల అవతల ప్లేని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌కి కోచ్ కేక ఏం వినపడుతుంది? ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1994 నుంచే క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో రేడియో ఉంది. కాలేజీ ఆటలో 2023 దాకా లేదు. అందుకే సైగలు.

టీవీలో మ్యాచ్ వస్తున్నప్పుడు ఈసారి బంతిని వదిలేసి సైడ్‌లైన్ చూడండి. ముగ్గురో నలుగురో వరసగా నిలబడి ఒకేసారి చేతులు తిప్పుతుంటారు. ఒకడు నెత్తిమీద తట్టుకుంటాడు, మోచెయ్యి పట్టుకుంటాడు, రెండు వేళ్ళు చూపిస్తాడు. పక్కవాడు ఛాతీ రుద్దుకుని చెవి పట్టుకుంటాడు. ఇందులో ఒక్కడివే అసలు సైగలు, మిగతావాళ్ళవి ఉత్తుత్తివి. ఈ పావుగంటలో ఎవరివి అసలువో టీమ్‌కి ముందే చెప్పి ఉంటారు, మధ్యలో మార్చేస్తారు కూడా. కొందరు పెద్ద పెద్ద అట్టల మీద నాలుగు బొమ్మలు అతికించి ఎత్తిపడతారు. చిప్ కెలీ కోచ్‌గా ఉన్న రోజుల్లో ఒరెగన్ టీమ్ ఈ అట్టలతోనే పేరు తెచ్చుకుంది. వెనక గ్యాలరీలోంచి ఎవరూ చూడకుండా సైగలు చేసేవాళ్ళ వెనక దుప్పట్లలాంటి తెరలు పట్టుకునే టీములు కూడా ఉన్నాయి. కోట్ల రూపాయల జీతాల కోచ్‌లు, కోట్ల రూపాయల స్టేడియం, మధ్యలో ఇద్దరు కుర్రాళ్ళు దుప్పటి పట్టుకుని నిలబడటం! మొదటిసారి గమనించినప్పుడు నవ్వాగలేదు.

ఎదుటివాళ్ళ సైగ తెలిస్తే ఏం లాభం? పూర్తి ప్లే తెలియనక్కరలేదు. బంతి పట్టుకుని పరిగెత్తబోతున్నారా, విసరబోతున్నారా అన్నది ఒక్కటి తెలిసినా డిఫెన్స్‌కి సగం పని తేలిక. పరుగే అని తెలిస్తే ముందువరసలోకి ఇంకో మనిషిని దింపుతారు, విసురే అని తెలిస్తే వెనక్కి లాగుతారు. కానీ అది తెలిసేది గడువులో పదిహేను ఇరవై సెకన్లు మిగిలి ఉన్నప్పుడు. ఆ లోపలే చూసి, పోల్చుకుని, కోచ్ చెవిలో వేసి, ఆయన తన టీమ్‌కి మళ్ళీ సైగ చెయ్యాలి. అందుకే ఆ పని చేసేవాడు డిఫెన్స్ కోచ్ భుజానికి భుజం ఆనించి నిలబడతాడు. స్టాలియన్స్ చేతిలో కాగితం అట్టతో మిషిగన్ కోచ్‌ల పక్కనే నిలబడి అరుస్తున్న ఫోటోలు తరవాత బోలెడు బయటికొచ్చాయి. అన్నీ అందరి కళ్ళ ఎదుట జరిగినవే.

ఇక్కడిదాకా నియమాలు ఏమీ అనవు. మ్యాచ్‌లో ఎదురుగా కనపడుతున్న సైగని కళ్ళతో చూసి విప్పుకుంటే తప్పు లేదు. టీవీలో వచ్చిన పాత మ్యాచ్‌లు ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నా తప్పు లేదు.

మన క్రికెట్లోంచే ఒక సంగతి. క్రిస్ కెయిర్న్స్ రివర్స్ స్వింగ్ వేస్తూ, బంతి మెరుపు ఎటు ఉందో బ్యాట్స్‌మన్‌కి కనపడకుండా చెయ్యి అడ్డుపెట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు. ఎదురుగా ద్రావిడ్. ఇవతలి కొసన సచిన్. బౌలర్ దాస్తున్నది బ్యాట్స్‌మన్ నుంచి, పక్కనే నిలబడ్డ సచిన్‌కి మెరుపు కనపడుతూనే ఉంది. ఔట్‌స్వింగ్ అయితే బ్యాటు ఒక చేతిలో, ఇన్‌స్వింగ్ అయితే రెండో చేతిలో పట్టుకునేలా ద్రావిడ్‌తో ఒప్పందం. ద్రావిడ్ బౌలర్ని కాకుండా సచిన్ బ్యాటుని చూసి ఆడేవాడని సచినే తరవాత ఒక సభలో చెప్పాడు. దీన్ని మోసం అన్నవాళ్ళని నేను చూడలేదు. వింటే ముచ్చటేస్తుంది. ఎందుకంటే చూసినవాడు మైదానంలో ఉన్నాడు, చూసింది అప్పుడే, దాచుకోవలసినవాడికి దాచుకునే అవకాశం అప్పుడే ఉంది.

అదే 1999 వరల్డ్ కప్‌లో, హోవ్‌లో ఇండియాతో మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా కెప్టెన్ హన్సీ క్రోన్యే చెవిలో ఇయర్‌పీస్ పెట్టుకుని, కోచ్ బాబ్ వూల్మర్ మాటలు వింటూ దిగాడు. మొదటి డ్రింక్స్ బ్రేక్‌లోనే దాన్ని తీయించారు. అప్పటికి దాన్ని కాదనే నియమం రాసి లేదు. అయినా చూసినవాళ్ళకి ఇబ్బందిగా అనిపించింది. మైదానం బయటి తెలివి మైదానం లోపలికి వచ్చింది మరి.

పేకాట ఆడేవాళ్ళకి ఈ తేడా కొత్తగా చెప్పక్కర్లేదు. రమ్మీలో ఎదుటివాడు ఏ ముక్క ఎత్తాడో, ఏది పారేశాడో గుర్తుపెట్టుకుని వాడి చేతిలో ఏముందో ఊహించేవాణ్ణి అందరూ మెచ్చుకుంటారు. వాడి వెనక ఒక మనిషిని నిలబెట్టి ముక్కలు చూసి రమ్మన్నవాణ్ణి మళ్ళీ ఆటకి పిలవరు. ఇద్దరికీ తెలిసిన సమాచారం ఒకటే కావచ్చు, తెచ్చుకున్న దారి వేరు.

స్టాలియన్స్ ఎంచుకున్న దారి ఆ రెండోది. అతని కథ వింటే కోపం కంటే ముందు ఆశ్చర్యం కలుగుతుంది. అన్నాపొలిస్‌లో నేవల్ అకాడమీలో చదివాడు, మెరైన్స్‌లో కెప్టెన్‌గా చేశాడు, చిన్నప్పటినుంచీ మిషిగన్ పిచ్చి. ముందు జీతం లేకుండా సాయపడుతూ చివరికి టీమ్‌లో చిన్న ఉద్యోగం సంపాదించుకున్నాడు. పత్రికలు రాసినదాన్నిబట్టి జీతం ఏడాదికి 55 వేల డాలర్లు. ఆ జీతం మీద బతికే మనిషి తన పేరుమీదే, తన డబ్బుతోనే ఊరూరా టికెట్లు కొన్నాడు. తెలిసినవాళ్ళకి వాటిని ఫార్వర్డ్ చేశాడు. వాళ్ళు వెళ్ళి, మైదానం మధ్యకి దగ్గరగా, ఎదుటి సైడ్‌లైన్ బాగా కనపడే సీట్లో కూర్చుని వీడియో తీసి పంపారు. కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ చివరికి తేల్చిన లెక్క: 2021 నుంచి 2023 దాకా కనీసం 56 సార్లు, 52 మ్యాచ్‌లు, 13 మంది ప్రత్యర్థులు. ఆ మనుషుల బృందానికి వాళ్ళు పెట్టుకున్న పేరు కేజీబీ. తీసుకొచ్చిన వీడియోకి పెట్టుకున్న పేరు ‘మురికి ఫిల్మ్’. తాము చేసేది ఏమిటో తెలియక చేశారని ఎవరైనా అంటే ఈ రెండు పేర్లే చాలు జవాబు.

వీడియో ఎందుకంత ముఖ్యం? టీములు తమ మ్యాచ్ ఫిల్మ్ ఒకరికొకరు ఇచ్చుకుంటాయి. పైనుంచి తీసిన ఆ ఫిల్మ్‌లో ఇరవైరెండుమందీ కనపడతారు కానీ ప్రతి క్లిప్పూ ప్లే మొదలయ్యే ముందు క్షణంలోనే మొదలవుతుంది. సైగలు చేసే సమయం అందులో ఉండదు. టీవీ కెమెరా సైడ్‌లైన్‌ని చూపించేది ఎప్పుడో ఒకసారి. అంటే మామూలు దారిలో వెళ్ళేవాడికి దొరికేవి ముక్కలూ చెక్కలూ. వాటిని అతికించుకోవడమే ఆ విద్య. స్టేడియంలో కూర్చుని మూడున్నర గంటలు సైడ్‌లైన్‌నే తీసినవాడికి అరవై డెబ్బై ప్లేల సైగలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒక్కో సైగ పక్కన దాని తరవాత జరిగిన ప్లే రాసుకుంటే పట్టిక తయారు. రెండు మూడు మ్యాచ్‌లు అలా తీస్తే ఉత్తుత్తి సైగలేవో కూడా వాటంతట అవే విడిపోతాయి. ఇందులో తెలివి ఏముంది? ఓపిక, టికెట్ డబ్బులు, మొహమాటం లేని స్నేహితులు ఉంటే చాలు.

ఇంకో మెట్టు కూడా ఎక్కాడు. 2023 సెప్టెంబరు 1న సెంట్రల్ మిషిగన్ టీమ్ మిషిగన్ స్టేట్‌తో ఆడుతుంటే, సెంట్రల్ మిషిగన్ కోచ్‌ల బట్టలు వేసుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వాళ్ళ సైడ్‌లైన్‌లోనే నిలబడ్డాడు. మిషిగన్ స్టేట్ అంటే తన టీమ్ కొన్ని వారాల్లో ఆడబోయే పక్కింటి శత్రువు. ఇంకొకరి బట్టల్లో దూరి పొరుగువాణ్ణి చూడటాన్ని ‘అందరూ చేసేదే’ అనే మాటలో ఎలా ఇరికిస్తారో నాకు తెలీదు.

ఆన్ ఆర్బర్‌లో చదివిన స్నేహితుడి కొడుకు ఒకడు నాతో గట్టిగా వాదించాడు. “అంకుల్, మా సైగలు వేరే టీములు పంచుకోలేదా? దొరికింది మేము, అంతే తేడా.” వాడి మాటలో కొంత నిజం ఉంది. 2022 బిగ్ టెన్ ఫైనల్‌కి ముందు మిషిగన్ సైగల పట్టికని మిగతా టీములు ఆ ఫైనల్లో ఎదుటి టీమ్ పర్డ్యూకి అందించాయని వార్తలొచ్చాయి, ఆ కాగితాలు మిషిగన్ లీగ్‌కి పంపింది కూడా. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం! ఆ లీగ్ పెద్దమనుషుల నోట నీతులు వింటే ఎవరికైనా ఈ సామెతే గుర్తొస్తుంది. అయితే ఆ టీములు పంచుకున్నది తాము మిషిగన్‌తో ఆడుతూ మైదానంలో చూసి రాసుకున్నది. తాము ఆడిన మ్యాచ్, తమ కళ్ళు. మర్యాదగా లేకపోవచ్చు, చూడని మ్యాచ్‌కి కిరాయి కళ్ళని పంపడంతో మాత్రం సమానం కాదు. ఇది చెప్పినా వాడు ఒప్పుకోలేదు. వాడి వయసులో నేనైనా ఒప్పుకోను, చదివిన కాలేజీ మరి.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఇంకో వాదన. సైగలు తెలిసినంత మాత్రాన గెలవరు, మిషిగన్ తన సత్తాతోనే గెలిచింది అన్నది. దీనికి వాళ్ళ దగ్గర మంచి సాక్ష్యమే ఉంది. 2023 నవంబరు 10న బిగ్ టెన్ కమిషనర్ టోనీ పెటిటి మిషిగన్ హెడ్ కోచ్ జిమ్ హార్బాని మిగిలిన మూడు లీగ్ మ్యాచ్‌లకి సైడ్‌లైన్ మీదికి రానివ్వకుండా సస్పెండ్ చేశాడు. ఆ ఉత్తర్వు వచ్చేసరికి టీమ్ పెన్ స్టేట్‌కి విమానంలో ఉంది. స్టాలియన్స్ అప్పటికే రాజీనామా చేశాడు. మర్నాడు మ్యాచ్‌లో అసిస్టెంట్ షెరోన్ మూర్ పగ్గాలు పట్టుకుని, ఒక దశ నుంచి వరసగా 32 సార్లు పరుగు ప్లేలే ఆడించాడు. దాచడానికేమీ లేదు. గ్యాలరీలో చిన్నపిల్లలకి కూడా తెలుసు మళ్ళీ పరుగే అని. తెలిసి కూడా పెన్ స్టేట్ ఆపలేకపోయింది. 24-15. టీవీ మైకు ముందు మూర్ వెక్కి వెక్కి ఏడ్చాడు. తరవాత మేరీలాండ్, ఆ తరవాత 30-24తో ఒహాయో స్టేట్. హార్బా తిరిగొచ్చాక జాతీయ సెమీఫైనల్ అయిన రోజ్ బౌల్లో అలబామా, ఫైనల్లో 2024 జనవరి 8న హ్యూస్టన్‌లో వాషింగ్టన్ మీద 34-13. పదిహేనుకి పదిహేను.

ఈ సాక్ష్యం నేను కాదనను. ఆ టీమ్ గొప్ప టీమ్. కానీ ఇది రుజువు చేసేది ఆ చివరి మ్యాచ్‌ల్లో వాళ్ళకి దొంగసైగలు అక్కర్లేదని మాత్రమే. 2021లో, 2022లో ఏం జరిగింది? 2020లో రెండు గెలిచి నాలుగు ఓడిన టీమ్ మరుసటి ఏడాది ఒహాయో స్టేట్‌ని 42-27తో కొట్టింది, ఆ పై ఏడాది వాళ్ళ ఊళ్ళోనే 45-23తో కొట్టింది. కొత్త కోచ్‌లు వచ్చారు, మంచి ఆటగాళ్ళు దొరికారు, నిజమే. స్టాలియన్స్ పట్టికలూ ఆ ఏళ్ళలోనే వచ్చాయి. ఇందులో ఎంత పాలో ఎంత నీళ్ళో ఇప్పుడు ఏ హంస వచ్చినా తేల్చలేదు. కప్పు దొంగసొత్తు అనే ఒహాయో చుట్టాలతో నేను కలవలేనిదీ, పూర్తిగా స్వచ్ఛం అనే మిషిగన్ కుర్రాళ్ళతో కలవలేనిదీ ఇక్కడే. ఆ రెండేళ్ళూ నిజాయితీగా చెమటోడ్చిన ఆటగాళ్ళకి కూడా తమ గెలుపు ఎంతవరకు తమదో తెలిసే దారి లేకుండా పోయింది. వాళ్ళకి ఆ నష్టం చేసింది ఒహాయో కాదు, సొంత కోచింగ్ గది.

2022 డిసెంబరు 31న జరిగిన జాతీయ సెమీఫైనల్, ఫియెస్టా బౌల్ కథ నాకు భలే ఇష్టం. మిషిగన్ సైగలు దొంగిలిస్తోందని టెక్సస్ టీమ్ టీసీయూకి ముందే ఉప్పందింది. వాళ్ళు పాత సైగల్ని మానెయ్యకుండా అలాగే ఉంచి, కొన్ని ప్లేలకి వాటి అర్థం మార్చేసి, మిషిగన్ డిఫెన్స్‌ని బోల్తా కొట్టించారని తరవాత వార్తలొచ్చాయి. 51-45తో టీసీయూ గెలిచింది. ఎత్తుకి పైయెత్తు అంటే ఇదీ. కానీ టీసీయూకి ఆ అవకాశం దక్కింది ఎవరో చెవిలో వేశారు కాబట్టి. ఎవరూ చెప్పని టీములు తమ స్టేడియంలో, తాము డబ్బులు తీసుకుని అమ్మిన సీట్లో కూర్చున్న ఫోన్‌ని ఎలా పసిగడతాయి? సచిన్ చూస్తున్నాడని తెలిస్తే కెయిర్న్స్ బంతి పట్టు మార్చుకోగలడు, మార్చుకున్నాడు కూడా. పదిహేనో వరస ప్రేక్షకుడికి ఏ కోచ్ అడ్డుపెట్టుకుంటాడు?

ఇక నియమం సంగతి. మిషిగన్ తప్పింది ముఖ్యంగా ఒకే ఒక్క నియమం. అదే సీజన్‌లో ముందుముందు ఆడబోయే ప్రత్యర్థి మ్యాచ్‌కి స్వయంగా వెళ్ళి పరిశీలించకూడదు అన్నది. ఇది 1994లో వచ్చింది. ఎందుకో తెలుసా? నిజాయితీ కాపాడటానికి అనుకుంటాం. కాదు, ఖర్చు తగ్గించడానికి. డబ్బున్న యూనివర్సిటీలు ప్రతి వారం పరిశీలకుల్ని విమానాలెక్కిస్తుంటే చిన్నవి తూగలేకపోతున్నాయని పెట్టారు. ప్రత్యర్థి సైగల్ని వీడియో తియ్యకూడదని ఆట రూల్ బుక్కులో వేరే వాక్యం ఉంది, నా దృష్టిలో అసలు తప్పు అక్కడే. కేసు మాత్రం చాలావరకు మొదటిదాని చుట్టూనే తిరిగింది.

తీర్పు రావడానికి 2025 ఆగస్టు 15 దాకా పట్టింది. స్టాలియన్స్‌కి ఎనిమిదేళ్ళ ఆంక్ష, అంటే ఆ కాలంలో కాలేజీ టీమ్‌లో ఉద్యోగం దొరకడం కష్టమే. హార్బాకి పదేళ్ళు. మూర్‌కి రెండేళ్ళు, కొన్ని మ్యాచ్‌ల సస్పెన్షన్. వార్త బయటపడ్డ రోజే మూర్ స్టాలియన్స్‌తో జరిపిన 52 మెసేజ్‌ల సంభాషణని ఫోన్‌లోంచి చెరిపేశాడు, వాటిని తరవాత వెలికితీశారు. స్టాలియన్స్ అయితే ఫోన్‌నే చెరువులో పారేశాడని నివేదికలో ఉంది. తప్పు చెయ్యలేదనుకునేవాడు చెరువుదాకా ఎందుకు నడుస్తాడో మరి. యూనివర్సిటీకి 50 వేల డాలర్లు, దాని మీద ఫుట్‌బాల్ బడ్జెట్లో 10 శాతం, పైగా రెండు సీజన్ల పోస్ట్‌సీజన్ (సీజన్ ముగిశాక జరిగే పెద్ద మ్యాచ్‌ల) ఆదాయం. మొత్తం రెండు కోట్ల డాలర్లు దాటుతుందని పత్రికల అంచనా. పోస్ట్‌సీజన్ నిషేధం వెయ్యదగ్గ తప్పే గానీ, ఇప్పుడున్న పిల్లల్ని పాతవాళ్ళ పాపానికి శిక్షించడం ఇష్టం లేక జరిమానాతో సరిపెట్టామని కమిటీ చెప్పింది. గెలుపులు రద్దు చెయ్యలేదు. కప్పు కప్పులాగే ఉంది.

పిల్లల్ని వదిలెయ్యడం నాకు నచ్చింది. కానీ డబ్బు ఆదా కోసం పుట్టిన నియమాన్ని తప్పినందుకు డబ్బే కట్టించుకుని వదిలేస్తే, రేపు ఇంకో ధనిక టీమ్ లెక్క వేసుకోదా? జాతీయ కప్పు విలువ ఇంత, పట్టుబడితే జరిమానా ఇంత, పట్టుబడే అవకాశం ఇంత. ఆన్ ఆర్బర్‌కి రెండు కోట్ల డాలర్లు నొప్పే, ప్రాణం మీదికి తెచ్చేంత కాదు. మిషిగన్ స్థాయి కాని కాలేజీ అయితే ఫుట్‌బాల్ విభాగమే మూసుకోవాలి. డబ్బుతో వేసే శిక్షకి ఎప్పుడూ ఉండే చిక్కే ఇది.

ఈ విషయంలో ప్రొఫెషనల్ లీగులు మెరుగు. 2007లో ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ తమ ప్రత్యర్థి జెట్స్ డిఫెన్స్ కోచ్‌ల సైగల్ని సైడ్‌లైన్ నుంచి వీడియో తీస్తూ దొరికితే, వాళ్ళ హెడ్ కోచ్ బిల్ బెలిచిక్ జేబులోంచే 5 లక్షల డాలర్లు పోయాయి, టీమ్‌కి 2.5 లక్షల జరిమానా, దానికి తోడు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్, అంటే కొత్త ఆటగాళ్ళలోంచి ముందుగా ఎంచుకునే అవకాశం, పోయింది. బేస్‌బాల్‌లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2017లో, ఏ బంతి వెయ్యాలో పిచర్‌కి (బౌలర్‌లాంటివాడికి) చెప్పే క్యాచర్ సైగల్ని కెమెరాతో చూసి, చెత్తడబ్బా మీద దరువేసి బ్యాటర్‌కి చెప్పేవాళ్ళు. 2020లో 50 లక్షల డాలర్ల జరిమానాతోపాటు జనరల్ మేనేజర్ని, మేనేజర్ని ఏడాది పాటు ఆటకి దూరం పెట్టారు. అదే రోజు ఓనర్ ఇద్దర్నీ ఇంటికి పంపాడు. వాళ్ళ టైటిల్ కూడా పోలేదు, దానిమీద విమర్శలు ఇంకా ఆగలేదు. కానీ బాధ్యుల మెడకి తగిలింది.

మూడు చోట్లా చివరికి చేసింది ఒకటే: చేతి సైగల అవసరం తగ్గించడం. ఎన్‌ఎఫ్‌ఎల్ 2008లో డిఫెన్స్ ఆటగాడికి కూడా రేడియో ఇచ్చింది. బేస్‌బాల్‌లో 2022 నుంచి క్యాచర్ బటన్ నొక్కితే పిచర్ టోపీలో మాట వినపడుతుంది. కాలేజీ ఫుట్‌బాల్ 2024లో మేలుకుంది. ఒక్కో వైపు మైదానంలో ఒక ఆటగాడి హెల్మెట్‌లో రేడియో, వెనక ఆకుపచ్చ చుక్క. గడువులో 15 సెకన్లు మిగలగానే మాట తెగిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ వచ్చిన దారిలోకి ముప్ఫై ఏళ్ళ తరవాత! చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు కదా. ఖర్చనీ, హెల్మెట్ల గ్యారంటీ అనీ, చిన్న కాలేజీలకి అందదనీ ఇన్నేళ్ళు సాకులు చెప్పి, లక్షమంది ముందు గుట్టు చేతులతో విప్పి చూపిస్తూ, ఎవరూ చూడొద్దని వేడుకుంటూ కూర్చున్నారు. స్టాలియన్స్ తప్పు స్టాలియన్స్‌దే. అతనికి పని దొరికేలా తలుపు తెరిచిపెట్టిన బాధ్యత మాత్రం ఆటని నడిపేవాళ్ళది.

రేడియో వచ్చినంత మాత్రాన గొడవ తీరిందా అంటే, 2024 సీజన్ మధ్యలోనే ఆ రేడియోల సంభాషణ ఎన్‌క్రిప్ట్ కావడం లేదని, స్కానర్ ఉన్నవాడెవడైనా వినొచ్చని బయటపడింది. ఎవరైనా విన్నట్టు రుజువు కాలేదు, హడావుడిగా సరిచేశారు. పైగా రేడియో ఒక్కరికే. మిగతా పదిమందికి చాలా టీములు ఇంకా చేతులు తిప్పుతూనే ఉన్నాయి, దుప్పట్లు పట్టుకుంటూనే ఉన్నాయి.

నన్నడిగితే ఆ 1994 నియమాన్ని ఎత్తేస్తాను. ఎన్‌ఎఫ్‌ఎల్‌లోలాగే ప్రత్యర్థి పరిశీలకుడికి ప్రెస్ బాక్సులో బాహాటంగా కుర్చీ వేసి, కాగితం పెన్సిలు ఇచ్చి, ఫోన్ బయట పెట్టి రమ్మంటాను. వచ్చినవాడు ఎవరో ఇంటి టీమ్‌కి తెలుస్తుంది, సైగలు ఎలా మార్చుకోవాలో వాళ్ళు చూసుకుంటారు. చిన్న కాలేజీలకి ఖర్చు అంటారా, హెడ్ కోచ్‌కి ఏడాదికి కోటి డాలర్లు ఇచ్చే ఆటలో వారానికో టికెట్ ఖర్చు గురించి మాట్లాడుకోవడం వింతగా ఉంటుంది. ఇక వీడియో తీసినవాడికీ, తీయించినవాడికీ, తెలిసి కళ్ళు మూసుకున్న పైవాడికీ మాత్రం కాలేజీ దాటి కూడా వెంటాడే శిక్ష ఉండాలి.

అది కుదరదంటారు. ఎన్‌సీఏఏకి ఎన్‌ఎఫ్‌ఎల్ మీద పట్టు లేదు కదా అంటారు. తనకేమీ తెలీదన్న హార్బా 2024 జనవరిలో కప్పు గెలిచిన నెలలోనే ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ లాస్ ఏంజెలెస్ చార్జర్స్‌కి వెళ్ళిపోయాడు. అతని పదేళ్ళ ఆంక్ష అంతకుముందు వేరే కేసులో పడ్డ నాలుగేళ్ళ ఆంక్ష ముగిశాక, 2028 ఆగస్టులో మొదలవుతుంది. కానీ 2011లో ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ టెరెల్ ప్రయర్ తన జ్ఞాపికలు అమ్ముకుని, టాటూలు వేయించుకున్న కేసులో ఐదు మ్యాచ్‌ల సస్పెన్షన్ తప్పించుకుని ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్తే, అక్కడి కమిషనర్ అవే ఐదు మ్యాచ్‌లు అక్కడా కూర్చోబెట్టాడు. అతని కోచ్ జిమ్ ట్రెసెల్ ఇండియానాపొలిస్ కోల్ట్స్‌లో చేరితే, ఆ టీమ్ తనంతట తానే మొదటి ఆరు మ్యాచ్‌లు అతన్ని బయట ఉంచింది. కాలేజీ కుర్రాడి టాటూల శిక్ష ఎన్‌ఎఫ్‌ఎల్ గడప దాటి లోపలికి రాగలిగింది. ఒక హెడ్ కోచ్ టీమ్‌లో మూడేళ్ళు నడిచిన ‘మురికి ఫిల్మ్’ శిక్ష ఎందుకు రాలేదో ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ళు చెప్పాలి.